గుండు బల్బు కింది సంసారం

నవంబరు 9, ఆదివారం

నల్లపెట్టను ముంగిస ఎత్తుకుపోయింది. మేం చర్చి నుంచి వచ్చేసరికి వెనక వాకిట్లో నాలుగు ఈకలు, గోడవారగా నెత్తురు చుక్కలు. దాని తొమ్మిది పిల్లలూ నీళ్ళ డ్రమ్ము వెనక నక్కి కీచుకీచుమంటున్నాయి. గుడ్లలోంచి బయటికొచ్చి వారం దాటిందో లేదో. డయానా ఏడుపు అందుకుంది. ఏడేళ్ళది, దాని ఏడుపు స్టేషన్ దాకా వినిపిస్తుంది. షైని మాత్రం ఏడవలేదు. పద్నాలుగేళ్ళకే ఆ పిల్లకు ఏడుపు దాచుకోవడం వచ్చేసింది. ఈకలన్నీ ఏరి, కాగితంలో చుట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అది ఎమిలీ పెంచిన పెట్ట. మనుషుల్ని మినహాయిస్తే ఈ ఇంట్లో ఎమిలీ చేతి మేత తిన్న ఆఖరి ప్రాణి. ఎమిలీ జ్వరంతో పోయి రెండేళ్ళు. నేను దాని మొగుడు దావీదును చేసుకుని ఈ రైల్వే క్వార్టర్‌లోకి వచ్చి ఆరు నెలలు. ఎమిలీ నాకు చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు, ఇప్పుడు దాని వంటగదిలో, దాని గరిటెలతో, దాని పిల్లలకు అన్నం వడ్డిస్తున్నాను. నలభై రెండేళ్ళు వచ్చేదాకా పెళ్ళీ పెటాకులూ లేకుండా హాయిగా ఉన్నదాన్ని. ఎవరు చెప్పారు నాకు, ఈ పెళ్ళి చేసుకోమని?

ఈ డైరీ కొత్త సంవత్సరానికి దావీదుకు ఎవరో ఇచ్చినది. ఒక్క పేజీ రాయలేదు. గూడ్సు బండ్లు నడపడం తప్ప ఆ మనిషి ఇంకేమీ చేయడు. వృథాగా పోతుంది కదా అని నేను మొదలుపెట్టాను. అంతే. మనసులో ఏదో ఉండి కాదు.

నవంబరు 11, మంగళవారం

తల్లి లేని కోడిపిల్లలకు వేడి కావాలి. అటక మీది చెక్కపెట్టె దింపి, ఊక పరిచి, బల్బు వేలాడదీద్దామని చూస్తే ఇంట్లో అన్నీ ఎల్ఈడీలే. వాటి కింద పెడితే పిల్లలు చదువుకుంటాయి గాని బతకవు. పాత గుండు బల్బు కోసం ఫ్యాక్టరీ నుంచి వస్తూ గోల్‌బజార్ అంతా తిరిగాను. ప్రతివాడూ నన్ను పాతరాతియుగం మనిషిని చూసినట్టు చూశాడు. ఆఖరికి ఒక ముసలి బెంగాలీ దాదా అటక ఎక్కి, దుమ్ము ఊదుకుంటూ రెండు తీసుకొచ్చాడు. "ఆర్ నేయ్ దీదీ," అన్నాడు. అవి పగిలిపోతే ఇంక లేవన్నమాట. ఒడిలో పెట్టుకుని ఆటోలో వచ్చాను.

మా చిన్నప్పుడు బల్బుల గొడవే లేదు. మా నాన్న ఈ బెంగాల్ ఊరి లోకో షెడ్డులో ఫిట్టరు. స్టీమ్ ఇంజన్ల పొయ్యి దగ్గర కాలిన ఇటుకను గోనెపట్టాలో చుట్టి, సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని తెచ్చేవాడు. మా ఇంటి ముందుకు వచ్చేసరికి కూడా ఆ పట్టా పొగలు కక్కేది. దాన్ని పెట్టెలో ఒక మూల పెడితే పిల్లలన్నీ చుట్టూ చేరేవి. ఎమిలీ వాళ్ళ నాన్న గార్డు, ఆయనకు ఇటుకలు ఎక్కడివి? చలి మొదలయ్యిందంటే ఎమిలీ ఎదురింట్లోంచి గౌను ఒడిలో కోడిపిల్లలు వేసుకుని పరిగెత్తుకొచ్చేది. వాళ్ళ పిల్లలు ఎప్పుడూ మా వాటి కన్నా చిన్నవి. రెండిళ్ళవీ ఒకే పెట్టెలో వేసి, "పెద్దవి సిన్నోటిని పొడిసీకండా సూసుకోండే," అని మా అమ్మ మమ్మల్నిద్దర్నీ కాపలా పెట్టేది. చెరో చీపురుపుల్ల పట్టుకుని కూర్చునేవాళ్ళం. పొడవబోయిన దాని ముక్కు మీద చిన్నగా ఒకటి తగిలించడం మా ఉద్యోగం. ఎమిలీ తన పిల్లల తప్పు ఎన్నడూ ఒప్పుకునేది కాదు. తొమ్మిదేళ్ళ వయసులో మేం కొట్టుకున్నంతగా లాయర్లు కూడా కొట్టుకోరు.

ఆ ఇటుకకు అంటుకున్న మసి వాసన మళ్ళీ ఒక్కసారి పీల్చాలని ఉంది.

నవంబరు 14, శుక్రవారం

షైని నాతో మాట్లాడింది. "బల్బు కొంచెం పైకి కట్టు పిన్నీ, ఆయాసపడతన్నాయి," అంది. కట్టాను.

నవంబరు 16, ఆదివారం

ఎమిలీ వాళ్ళమ్మ జ్ఞానరత్నం పలాస నుంచి ఫోన్ చేసింది. చిన్నప్పటి నుంచి నేను పెద్దమ్మా అని పిలిచే మనిషి. మా పెళ్ళికి రాలేదు. ఫోన్ దావీదుకు, పిల్లలకు. నాకు కాదు.

దావీదు స్పీకర్ పెట్టి చెప్పులు తుడుచుకుంటున్నాడు, అందుకని అంతా విన్నాను. "అల్లుడూ, క్రిస్మస్‌కి నానొస్తన్నాను. ఎల్లినప్పుడు గుంటల్ని కూడా తీసుకెల్లి ఇస్కూలు సూపిత్తాను. మార్చిలో పరీచ్చలయినాక ఇద్దర్నీ నా దగ్గరే ఉంచుకుంటాను. సీటు కోసం ముందే సెప్పాల. నువ్వు సూత్తే ఇంట్లో ఉండవు. అమ్మమ్మ దగ్గరుంటే తప్పేటి?"

"తప్పేటి లేదత్తా. గుంటల ఇష్టం," అన్నాడు దావీదు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేటంటావు జెనీ?" అన్నాడు.

"నాదేటుంది. పిల్లల ఇష్టం," అన్నాను.

సరిగ్గానే అన్నాను. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు, సవతితల్లి పట్టుకు కూర్చుందని గాని, తరిమేసిందని గాని. వెళ్తే వెళ్తారు. వాళ్ళ అమ్మమ్మే కదా. నాకేం.

నవంబరు 17, సోమవారం

ఈ మనిషికి ఏం చెప్పాలి! టాటా లైను డ్యూటీ చేసి బండి దిగి వస్తూ అట్టపెట్టెలో ఐదు కోడిపిల్లల్ని తెచ్చాడు. ఒక్కరోజువి. పసుపుపచ్చగా, పత్తిపువ్వుల్లా ఉన్నాయి.

"ఎందుకివి?" అన్నాను.

"డయానా పెట్ట కోసం ఏడుస్తంది కదా. ఏడుపు మానుద్దని తెచ్చినాను."

"తల్లి పోయిందని ఏడిస్తే పిల్లల్ని తెస్తారేటి ఎవులైనా? పెద్దవి పక్షం దాటినవి, ఇవి నిన్న పుట్టినవి. ఒక్క పెట్టెలో ఎలా పెంచుతాననుకున్నావు?"

"నువ్వు సూసుకుంటావు కదా," అని స్నానానికి వెళ్ళిపోయాడు.

తిట్టుకుంటూ నూకలు చెరుగుతుంటే తోచింది. నన్నూ అలాగే తెచ్చాడు కదా ఈ ఇంటికి, ఏడుపు మానుతుందని. నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు కాదు.

నవంబరు 19, బుధవారం

పెట్టె మధ్యన ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టాను. బల్బు ఉన్న వైపు చిన్నవి, చల్లగా ఉన్న వైపు పెద్దవి. చిన్నవాటికి చెమటపట్టే వేడి కావాలి, పెద్దవి ఆ వేడికి నోళ్ళు తెరుస్తాయి. నీళ్ళ గిన్నెలు కూడా వేరు. పెద్దవి తొక్కి పాడు చేసిన నీళ్ళు చిన్నవి తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. జాలీ కట్టడానికి షైని తీగ పట్టుకుంది. డయానా అట్నుంచి ఇటు, ఇట్నుంచి అటు తిరుగుతూ పెద్దవాటికి చిన్నవాటిని పరిచయం చేసింది. అవి పరిచయం అక్కర్లేదన్నట్టు జాలీ సందుల్లోంచి ముక్కులు పెట్టి పొడవబోయాయి.

నవంబరు 23, ఆదివారం

వచ్చే ఆదివారం నుంచి అడ్వెంట్, అంటే క్రిస్మస్ ముందటి నాలుగు వారాలు, మొదలు. "పిన్నీ, దేవుని పిల్ల పెడదామా?" అని డయానా అడిగింది. ఎమిలీ పోయాక ఎవరూ పెట్టలేదట.

ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా వీధిలో ఇది ముందు నుంచీ ఉంది. అడ్వెంట్ మొదటి ఆదివారం నాడు ఇంట్లో అందరి కన్నా చిన్నవాళ్ళు అందరి కన్నా చిన్న కోడిపిల్లను పట్టుకుని నెత్తిన ఆల్తా, అదే కాళ్ళకు పూసుకునే ఎర్రరంగు, బొట్టు పెట్టాలి. ఆ పిల్ల దేవుడిది. ఏడాదంతా పెంచి, వచ్చే ఏటి కోత పండుగకు చర్చికి ఇవ్వాలి. అక్కడ వేలం వేస్తారు. ఎమిలీ ఒక ఏడు ఇచ్చిన కోడిని మా పక్కింటి అంకుల్ పాడుకుని, వండించి, ఎమిలీనే భోజనానికి పిలిచాడు. "నా కోడే, నా కోడే," అని ఏడుస్తూనే రెండు ముక్కలు తింది. కళ్ళు తుడుచుకుని మూడోది అడిగింది. ఆ మాట ఎత్తితే పెద్దయ్యాక కూడా నన్ను గిల్లేది.

ఒసేయ్ ఎమిలీ, నిన్ను ఏడిపించడానికి మనిషి లేకుండా పోయావు. ఈ ఇంట్లో నీ గురించి ఎవరూ మాట్లాడరు. నేను బాధపడతానని వాళ్ళు, వాళ్ళు బాధపడతారని నేను. నీ మొగుడు సరేసరి. నీ గురించి నవ్వుతూ చెప్పుకోవాలని నాకెంత ఉందో తెలుసా?

పెడదామని డయానాకు చెప్పాను. షైని పుస్తకంలోంచి తలెత్తి, "వచ్చే ఏడు ఎవులుంటారని ఇక్కడ ఇవ్వడానికి?" అంది. 

నవంబరు 26, బుధవారం

పచ్చపిల్లల్లో ఒకటి పొద్దున్న చల్లబడి ఉంది. డయానా లేవకముందే పాతిపెట్టాలని వెనక్కి తీసుకెళ్ళాను. చూస్తే షైని నిలబడి ఉంది. గునపం అందించింది.

నవంబరు 28, శుక్రవారం

మొదటి బల్బు మాడిపోయింది. రెండోది పెట్టాను. దీన్ని కంటికి రెప్పలా చూసుకోవాలి.

నవంబరు 30, ఆదివారం

రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున్న చర్చికి బయల్దేరుతుంటే రెండో బల్బు టప్‌మంది. బయట మంచు. చిన్నవి నాలుగూ ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి. జాలీ తీసేశాను. పెద్దవాటి వేడి తగిలితే బతుకుతాయని. వచ్చి చూద్దును కదా, పదమూడూ ఒకే ముద్దగా పడుకుని ఉన్నాయి. చిన్నవి పెద్దవాటి రెక్కల కింద! ఎంత పొంగిపోయానో. చూశావా ఎమిలీ, ఒక్క పెట్టెలో పెంచడం కుదరదంటూనే కలిపేశాను చూడు అనుకున్నాను. డయానా వాటిలో అందరి కన్నా చిన్నదాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పి, నెత్తిన ఆల్తా పెట్టింది. పెట్టెలో వదిలేసి భోజనాలకు కూర్చున్నాం.

షైని అరుపు విని పరిగెత్తాను. పెద్దవన్నీ చుట్టూ మూగి ఆ ఎర్రబొట్టునే పొడుస్తున్నాయి. మొదట బొట్టు, తర్వాత నెత్తురు. ఎరుపు కనబడితే కోడి వదలదు. నెత్తి మీద తోలు లేచిపోయింది. మా చిన్నప్పుడు కలిపి ఉంచిన రోజున చీపురుపుల్లలతో కాపలా ఉండేవాళ్ళం. బొట్టు పెట్టేనాటికి ఎవరి పిల్లలు వాళ్ళింట్లోనే ఉండేవి. ఈ రెండూ ఒకేరోజు ఎప్పుడూ చేయలేదు. నేను చేశాను.

షైని ఆ పిల్లను గుండెలకు పెట్టుకుని నా మీద విరుచుకుపడింది. "ఎరుపు సూస్తే పొడుస్తాయని తెల్దా నీకు? మమ్మీ ఎప్పుడైనా పెద్దోటి మధ్యన పెట్టిందేటి? నిన్నెవులు కలపమన్నారు? అన్నీ కలిపీడమే నీకు! నేను అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. డయానాని కూడా తీసుకుపోతాను."

"నీ ఇష్టం షైనీ," అన్నాను.

అంతకన్నా ఏమనాలి? మంచికి పోతే ఇదా! వెళ్తే వెళ్ళనీ. ఇద్దరూ వెళ్తే నాకే పని తగ్గుతుంది. పొద్దున్నే నాలుగు క్యారియర్లు కట్టక్కర్లేదు, తడి తువ్వాళ్ళు ఎత్తక్కర్లేదు. నాకేం.

డిసెంబరు 1, సోమవారం

బతికే ఉంది. వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలో.

డిసెంబరు 3, బుధవారం

దావీదు ఎక్కడి నుంచో మూడు గుండు బల్బులు తెచ్చాడు. ఎక్కడివని అడిగితే చెప్పడు. రైల్వే వాళ్ళను అన్నీ అడగకూడదు.

సాయంత్రం షైని స్కూల్ నుంచి వస్తూ మలంచా రోడ్డు మందుల షాపులో ఊదారంగు మందు సీసా కొనుక్కొచ్చింది. చిన్నప్పుడు నోట్లో పూతకు పూసేవారే, అది. ఎరుపు మీద ఊదా వేస్తే ఎరుపు కనబడదట, పుండు కూడా మానుతుందట. ఫోన్‌లో చదివింది. పిల్లను నేను పట్టుకున్నాను, తను పూసింది. పూశాక ఇద్దరం దాన్ని చూశాం. ఊదారంగు టోపీ పెట్టుకున్న పాస్టరుగారిలా ఉంది.

"ఇప్పుడు దీన్ని పెట్టెలో వేస్తే వింతగా ఉందని మళ్ళీ దీన్నే పొడుస్తాయి," అన్నాను.

షైని ఆలోచించింది. "అన్నిటికీ పూసేద్దాం."

"అన్నిటికీనా?"

"అన్నీ ఊదాగా ఉంటే దేన్ని సూసి పొడుస్తాయేటి?"

పన్నెండు కోడిపిల్లల్ని పట్టుకుని నెత్తిన రంగు వేయడం ఎప్పుడైనా ఎవరైనా చేశారో లేదో నాకు తెలియదు. ఒక్కటీ కుదురుగా ఉండదు. పెద్దపుంజుపిల్ల ఒకటి తప్పించుకుని మంచం కిందికి దూరింది, డయానా దాని వెనక దూరింది, ఇద్దరూ ఊదారంగులో బయటికి వచ్చారు. షైని నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, దాంతో మూతి కూడా ఊదా అయింది. అది చూసి నేను నేల మీద చతికిలబడి నవ్వాను. "ఎమిలీ ఉంటే మన ముగ్గుర్నీ పెట్టెలో పడేసి జాలీ బిగించేది," అనేశాను.

నోరు జారింది.  "మమ్మీ అయితే డాడీకి కూడా పూసీది," అంది షైని.

డిసెంబరు 6, శనివారం

ఫ్యాక్టరీలో మా ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళంతా నా వేళ్ళు చూసి ఓటేసొచ్చావా అని అడిగారు.

ఇవాళ షైని తనే జాలీ తీసింది. "ఎన్నాళ్ళని అడ్డం పెట్టి ఉంచుతాం," అంది. తీసి వదిలేయలేదు. పక్కనే పీట వేసుకుని హిస్టరీ చదువుకుంటూ, చేతిలో చీపురుపుల్ల పట్టుకుని, పొడవబోయిన దాని ముక్కు మీద ఒక్కటి వేస్తోంది. నేను ఎప్పుడూ నేర్పలేదు. ఎడమకాలు మడిచి, కుడిమోకాలి మీద గడ్డం ఆనించి అచ్చం ఎమిలీలాగే కూర్చుంది. వంటింట్లోంచి చూస్తూ ఏడ్చాను. సాకు చెప్పడానికి చేతిలో ఉల్లిపాయలు కూడా లేవు.

డిసెంబరు 14, ఆదివారం

వెదురుబద్దలతో నక్షత్రం కట్టాం. వంకరగా వచ్చింది.

పిల్లల బట్టలు పలాసకు సర్దడం మొదలుపెట్టాను. ఆవిడొచ్చాక హడావిడి ఎందుకని. అక్కడ ఇంత చలి ఉండదు కదా అని స్వెటర్లు తీసి పక్కన పెట్టాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ తీశాను. ఇంతకీ వాళ్ళు వెళ్ళేది సెలవులకే. మార్చి సంగతి మార్చిలో. నాకేం.

డిసెంబరు 21, ఆదివారం

పెద్దమ్మ వచ్చింది. సన్నబడింది. ఆ నడక మాత్రం అదే, ముందు చెయ్యి ఊపు, వెనకాల మనిషి. చేతిలో సంచీ దింపకుండానే ఇల్లంతా ఒక చుట్టు తిరిగింది. పెట్టె దగ్గర ఆగిపోయింది.

"ఓలమ్మ! ఈటి బుర్రలకేటయినాదే?"

డయానా కథంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పెద్దమ్మ వంగి చూసి, "ఈడు తేడా గుంటల్ని ఒక్క పెట్టెలో ఏసినావేటి?" అని నన్నే అడిగింది. నా పెళ్ళయ్యాక నాతో మొదటి మాట.

"వేసినాను పెద్దమ్మా."

"బాగానే ఉన్నాయి," అంది. వంటింట్లోకి వెళ్ళి, గోడకు వేలాడే గరిటెల్ని ఒక్కోటీ ముట్టుకుని చూసింది. "ఎక్కడియక్కడే ఉంచినావు," అంది. మెచ్చుకుందో, దెప్పిందో నాకు అంతుపట్టలేదు.

డిసెంబరు 25, గురువారం

క్రిస్మస్. పెద్దమ్మ పిండిలో అచ్చు ముంచి గులాబీ పువ్వులు వేయించింది, పిల్లలు దగ్గర కూర్చున్నారు. నేను అందరికీ కాఫీలు ఇస్తూ తిరిగాను. నా ఇంట్లో నేనే చుట్టాన్నయినట్టుంది. బాగుంది పిల్లలకు, అమ్మమ్మ దగ్గర. అలాగే ఉండాలి.

డిసెంబరు 27, శనివారం

 అంతా రాసుకోవాలి, ఒక్క మాట మరిచిపోకుండా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం వెనక వరండాలో ఎండకు కూర్చున్నాం. రేపే పెద్దమ్మ ప్రయాణం. "ఇస్కూలోల్లకి మాటియ్యాల," అంది. "సెప్పండే గుంటల్లారా. మార్చి తరవాత అమ్మమ్మ కాడ ఉంటారా?"

దావీదు నా వైపు చూశాడు. నేను కోళ్ళ వైపు చూశాను.

"ఉంటాను," అంది షైని.

"అక్క ఉంటే నేనూ," అంది డయానా.

అయిపోయింది. ఇంతే కదా, ఎప్పటి నుంచో తెలిసిందే కదా అనుకున్నాను. లేచి లోపలికి వెళ్ళి బ్యాగు తెచ్చి షైని ముందు పెట్టాను. "అన్నీ సర్దేసినాను. స్వెటర్లు కూడా పెట్టినాను, రైల్లో చలిగా ఉంటాది," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. ఎంత గర్వపడ్డానో నా గొంతును చూసి!

షైని బ్యాగు వైపు చూసింది. మొహం జేవురించింది. "సర్దీసినావా? అప్పుడే సర్దీసినావా?" అని లేచి నిలబడింది. "ఒక్కసారి ఉండమన్నావేటి నువ్వు? డాడీ అడిగితే పిల్లల ఇష్టం. నేను పోతానంటే నీ ఇష్టం. అందరి ఇష్టాలూ సెప్తావు, నీకేటి ఇష్టమో సెప్పవేటి? మేం పోతే నీకు హాయేనా? హాయైతే హాయని సెప్పు, పోతాం!"

బ్యాగును కాలితో తన్నింది. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

అప్పుడు నాకేమయిందో తెలియదు. కింద కూలబడిపోయాను. దాని కాళ్ళు మాత్రమే అందాయి, కాళ్ళే పట్టుకున్నాను. "వెళ్ళొద్దే," అన్నాను. "వెళ్ళకండే. మీరు లేకపోతే ఈ ఇంట్లో నేను ఉండలేను. మీ అమ్మ కోసం కాదే, మీ డాడీ కోసం కాదు. నాకు కావాలి మీరు. మీ మీద నాకేం హక్కుందని అడగను? ఎమిలీ పిల్లల్ని లాక్కున్నానంటారని భయమేసింది. నాకు కావాలే మీరు," ఇలా ఏదేదో, ముక్కు చీదుకుంటూ, వీధంతా వినేట్టు. నలభై రెండేళ్ళదాన్ని. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. చూడనీ.

 షైని చెయ్యి నా నెత్తిన పడింది. ఒట్టిగా పడలేదు, ఒక మొట్టికాయ కూడా వేసింది.

"మరిన్నాళ్ళూ నోట్లో ఏటున్నాది?" అంది. అది ఏడుస్తోంది. వాళ్ళమ్మ పోయాక అది ఏడవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

 "ఎండాకాలం సెలవులకొస్తాను అమ్మమ్మా," అంది షైని. డయానాకు ఏం జరిగిందో అర్థం కాలేదు, అయినా వచ్చి నా మెడకు వేలాడింది. దావీదు చెప్పులు తుడుస్తున్నాడు. అవి అప్పటికే అద్దంలా ఉన్నాయి.

పెద్దమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

డిసెంబరు 28, ఆదివారం

పెద్దమ్మను బండి ఎక్కించడానికి నేనే వెళ్ళాను. దావీదుకు డ్యూటీ. పిల్లలు చర్చిలో పాడాలి, ఇంటి దగ్గరే కావలించుకుని పంపించారు. ఈసారికి వాళ్ళు పలాస వెళ్ళడం లేదు. మూడు సీట్ల టికెట్టులో ఆవిడ ఒక్కతే వెళ్తోంది.  నేను గెలిచాననుకున్నది ఈవిడ మీదే. కూతురు పోయింది. కూతురి మొహం ఉన్న పిల్లల్ని కూడా నేనే అట్టేపెట్టుకున్నాను.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. నేను ప్లాట్‌ఫారం మీద చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "మళ్ళీ ఎప్పుడొస్తావు పెద్దమ్మా?" అన్నాను.

"పిలిస్తే వొస్తాను."

నేను సిగ్నల్ వైపు చూశాను.

"నీ పెళ్ళికి సుబలేక పంపినాడు అల్లుడు. నువ్వొచ్చి పిలిసినావేటే? పెళ్ళయి ఇన్నాళ్ళయినాది, ఒక్క ఫోను సేసినావా? ఆడు మాటాడతాడు, గుంటలు మాటాడతారు. నా సేతి గంజి తాగి పెరిగినదానివి, నువ్వు ఒక్కదానివే మాటాడవు." కొంగుతో కిటికీ చువ్వ తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నా. "గుంటలు నీకు బరువయినారనుకున్నానే జెనీ. నోరు తెరిసి సెప్పుకోలేకపోతన్నావనుకున్నాను. అందుకే తీసుకుపోతానన్నాను. నాకు మాత్రం ఓపికుందేటి, ఈ మోకాళ్ళతోటి?"

"నీకు కోపం అనుకున్నాను పెద్దమ్మా. ఎమిలీ చోట్లోకి వచ్చినానని."

"కోపమేటి? ఎమిలీ పోయినాక నన్ను అమ్మలాగ పిలిసీదానివి నువ్వొక్కదానివే మిగిలినావు. నువ్వూ పిలవడం మానీసినావు."

బండి కదిలింది. నేను చువ్వ పట్టుకుని నాలుగడుగులు వేశాను. ఒక పోర్టరు కసిరాడు, వదిలేశాను. ఆవిడ చెయ్యి కూడా ఊపలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుని ఉంది. బోగీలు ఒకటొకటే నా ముందు నుంచి వెళ్ళిపోయాయి. ఆఖరి బోగీ దాటేదాకా అక్కడే దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

ఇంటికి వెళ్ళి ఫోన్ చేద్దాంలే అనుకున్నాను. రాత్రికి ఆవిడ పలాస చేరాక చేద్దాంలే అనుకున్నాను. అంతలోనే నా మీద నాకే ఒళ్ళు మండింది. అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్ తీశాను. ఆవిడ నంబరు నా దగ్గర లేదు. పెళ్ళయ్యాక ఒక్కసారైనా అడిగి తీసుకోలేదు! చర్చికి బయల్దేరుతున్న షైనికి ఫోన్ చేసి అడిగితే, "ఇప్పుడే కదా ఎక్కించినావు?" అంది. "నువ్వు ముందు నంబరియ్యే," అని అరిచాను.

చాలాసేపు మోగింది. ఎత్తింది.

"ఎవులు?"

"పెద్దమ్మా, నేను, జెనీ."

"ఏటే? ఏటైనా మర్సిపోనానా?"

"పెద్దమ్మా, రా."

"ఎక్కడికే?"

"ఇంటికి. మనింటికి. ఈస్టరుకి రా. ఈస్టరు దాకా ఎందుకు, పిల్లల పరీక్షలప్పుడు రా. వచ్చి ఉండు. నేను పిలుస్తన్నాను."

 పట్టాల చప్పుడే వినిపించింది. బండి ఏ వంతెన మీదో ఉన్నట్టుంది.

"ఓసి పిచ్చిగుంటా," అంది ఆఖరికి.  "బండి ఇంకా పక్క టేసను హిజ్లీ కూడా దాటలేదే. వొస్తాను లేవే. ముందు నన్ను ఇంటికెల్లనియ్యి."